గీత కూడా పడని బండి

మా మామగారి షెడ్డులో ఏ బండి తత్వమైనా ఒకటే పద్ధతిలో తేలుస్తారు: డోరు మీద పిడికిలితో కొట్టడం. ఖణేల్‌మంటే గట్టి బండి, డబ్‌మంటే డొల్ల. జీవితమంతా సొట్టలు తీసిన మనిషి, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు.

ఆ వారం ఒక కొత్త కారును లాక్కొచ్చారు. లారీని గుద్దిందట, ముందు భాగం నలిపి పారేసిన కాగితంలా ఉంది. "రేకు డబ్బా!" అని నవ్వారు మామగారు. మధ్యాహ్నం దాని ఓనరే మణికట్టుకు కట్టుతో నడుచుకుంటూ వచ్చాడు, లోపల పడిపోయిన కళ్లజోడు కోసం. డోరు ఇట్టే తెరుచుకుంది.

"నా దెబ్బంతా ఇదే తినేసిందమ్మా," అన్నాడు నాతో.

ఆ మాటకి నాకు భయం పట్టుకుంది. మా ఆడపడుచు బుజ్జి సోమవారం నుంచి హైవే మీద కొత్త ఉద్యోగానికి వెళ్లాలి. మామగారు తన పాత కారు ఇస్తున్నారు. సీటుబెల్టు కూడా లేని కాలం నాటిది. అది చాలదన్నట్టు బంపర్ వెనక ఇనుప పట్టీ ఒకటి వెల్డింగ్ చేస్తున్నారు.

"మామయ్యగారూ, దెబ్బ బండి తినకపోతే లోపలున్న మనిషే కదా తినాలి?"

"నిన్నగాక మొన్నొచ్చి నాకే పాఠాలా? ఇలాంటి పాతబండ్లు ఎన్ని చూశాను! ఎంత గుద్దుకున్నా చిన్న సొట్ట, అంతే."

నిజమే, మా షెడ్డుకు బండ్లే వస్తాయి. వాటిలో కూర్చున్నవాళ్లు ఏమయ్యారని ఇక్కడ ఎవరూ అడగరు. మా ఆయన్ని అడిగితే గోడ మీద పిల్లి.

"బస్సులో పోవే," అని సోమవారం పొద్దున బుజ్జిని బతిమాలాను.

"ఊరుకో వదినా, నాన్న సరదా పడుతున్నాడు," అని నవ్వుతూ స్టార్ట్ చేసింది.

గంట తిరక్కముందే ఫోనొచ్చింది. బండి వెనక అద్దం మీద రాసున్న షెడ్డు నంబరు చూసి ఎవరో చేశారు. వంతెన గోడను గుద్దిందట. మామగారు వింటూ వింటూ ఛాతీ విరుచుకున్నారు.

"విన్నావా కోడలా! గీత కూడా పడలేదట! నేను చెప్పలా?"

నేను ఫోను లాక్కున్నాను.

"బాబూ, మా అమ్మాయెలా ఉంది?"

అటువైపు నుంచి మెల్లగా అన్నాడు.

"బండికి మాత్రం ఏం కాలేదమ్మా."