లవ్‌డే ఎత్తిన కుర్చీ

శనివారం తెల్లారిందంటే లవ్‌డే ట్రెన్‌విత్ ఇంటిపట్టున ఉండదు. ఊలు టోపీ చెవుల మీదికి లాక్కుని, ఖాళీ గోనెసంచులు చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. కాసేపటికి గార్‌ఫీల్డ్ నాన్‌కెర్విస్ పికప్ బండి దగ్గుకుంటూ వచ్చి ఆగుతుంది.

"ఎక్కండి మహారాణీ."

"ఈ డొక్కు బండికి మహారాణి ఒక్కతే తక్కువైంది మరి" అంటూ ఎక్కుతుంది.

ఇక అక్కణ్ణుంచి అడిలైడ్‌కి దూరంగా ఉన్న కడీనా ఊళ్ళో ఏ వీధిలో పాత సామాను అమ్మే గ్యారేజ్ సేల్ ఉందో కరెంటు స్తంభాలకు కట్టిన అట్టముక్కలు చదువుకుంటూ తిరగడమే. ఒకరి షెడ్డులో మూలపడ్డవన్నీ ముంగిట్లో మడతబల్లల మీదికెక్కి, పొద్దెక్కేసరికి ఇంకొకరి షెడ్డులో మూలపడతాయి. ఊరు ఊరంతా ఈ పని ఎంతో ఇష్టంగా చేస్తుంది. తన ఇంట్లో పళ్ళు తోముకునే బ్రష్షు తప్ప కొట్లో కొన్న వస్తువు ఒక్కటి కూడా లేదని లవ్‌డే గొప్పగా చెప్పుకుంటుంది. ఆమె చెప్తే కాదనేవాళ్ళు లేరు. స్కూలు బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. ఊళ్ళో నడివయసుకి రాని ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేత "నోరు మూసుకుని కూర్చో" అనిపించుకున్నవాళ్ళే.

కడీనాలో సేలుకి పెట్టిన వస్తువు ఎవరికి దక్కాలో వాళ్ళ చేతికే తేలిగ్గా లేస్తుంది. మిగతావాళ్ళు ఎంత గుంజుకున్నా కదలదు. టీచెంచా అయినా సరే, మీది కాకపోతే బల్లకి మేకు కొట్టినట్టు ఉంటుంది. గోడగడియారం నచ్చి, బేరం కుదిరి, తీరా ఎత్తబోతే లేవలేదనుకోండి, "మనది కాదులే" అని నవ్వేసి పక్క బల్ల దగ్గరికి పోతారు. బీరువా లేచిందంటే దాని సొరుగుల్లో ఉన్నవీ వస్తాయి. ఒక్కటే నియమం. తేలిగ్గా లేచినదాన్ని వదిలి వెళ్ళకూడదు. అక్కర్లేదని వెనక్కి పెట్టేవాళ్ళని ఊళ్ళో ఎవరూ టీకి పిలవరు.

సేళ్ళలో కొనేవాళ్ళకి ఉన్న తంటా కూడా అదే. చవగ్గా వస్తాయి, నిజమే. వద్దన్నా వస్తాయి. లవ్‌డే ఇంట్లో పిట్టల పంజరాలున్నాయి, పిట్టల్లేవు. పళ్ళడాక్టరు కుర్చీ ఉంది, దాని మీద పిల్లి పడుకుంటుంది. ఓసారి చంక కర్రల జత దూదిలా లేచింది. "నాకెందుకివి, గుర్రంలా ఉన్నాను" అని సణుక్కుంటూ తెచ్చుకుంది. పండక్కి ముందే చీలమండ విరిగింది. అప్పట్నుంచి సణగడం మానేసింది.

గార్‌ఫీల్డ్ భార్య ఎల్వా బతికున్న రోజుల్లో ముగ్గురూ కలిసి తిరిగేవాళ్ళు. మూడేళ్ళ కిందట ఎల్వా పోయాక ఇద్దరే తిరుగుతున్నారు. చివరికి బేకరీ బయట బల్ల మీద కూర్చుని మాంసం, కూరగాయలు కూరి కాల్చిన కజ్జికాయలాంటి పేస్టీ తలా ఒకటి తింటారు. అతను వాలరూ ఓడరేవులో క్రేను నడిపినవాడు. ఎంతటి బరువునైనా పైకెత్తి, అనుకున్నచోట మెత్తగా దించిన రోజులు చెప్తుంటాడు. ఎన్నోసార్లు విన్న కథే అయినా ఆమె వింటుంది. పోయిన శనివారం మాత్రం అతను పేస్టీ సగంలో ఆపి, "ఇల్లు అమ్మేశాను లవ్‌డే. అమ్మాయి జెన్నా వాళ్ళ పెరట్లో నాకో గది వేసింది. వచ్చే శనివారం సామాను సేలుకి పెట్టి, మధ్యాహ్నం అడిలైడ్ వెళ్ళిపోతాం" అన్నాడు.

"మంచిదే" అంది లవ్‌డే. "అక్కడ పేస్టీలు మాత్రం బాగుండవు."

ఇంటికెళ్ళి గిన్నెలన్నీ ఠంగు ఠంగుమని తోమింది. అతను వెళ్ళిపోతే తనకి బండి ఉండదని బాధ, అంతే, అని పిల్లితో చెప్పింది. పిల్లి నమ్మలేదు. ఆమెకి ఏడుపు వచ్చింది కానీ ఏడవలేదు. ఉండమని ఒక్క మాట అంటే ఉంటాడేమో. కానీ లవ్‌డే పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు.

ఆ శనివారం బండి రాలేదు. సేలు అతనింట్లోనే కాబట్టి నడిచే వెళ్ళింది.

గేటుకి జెన్నా కట్టిన అట్టముక్క మీద "ఎనిమిదింటికి ముందు రావద్దు, అన్నీ పోవాలి" అని ఉంది. అప్పటికే అడిలైడ్ నుంచి పాత సామాన్ల వర్తకుడొకడు లారీ వేసుకొచ్చి, టార్చిలైటుతో బల్లల కింద వెతుకుతున్నాడు. ఇద్దరు కూలీలనీ, చక్రాల బండినీ తెచ్చుకున్నాడు. పాపం, అతనికి ఒక్కటీ లేవదు. ఏదీ అతని దగ్గర నిలిచేది కాదు మరి. ముగ్గురూ కలిసి ఒక పూలకుండీ ఎత్తబోతే బండి చక్రం ఊడింది.

సేలు పెట్టడం ఎలాంటిదో జెన్నాకి ఆ పొద్దున తెలిసొచ్చింది. మన బతుకంతా ముంగిట్లో పరిచి, దారిన పోయేవాళ్ళ చేత వంకలు పెట్టించుకోవడం. ఒకావిడ ఎల్వా పెళ్ళినాటి కప్పుని తిరగేసి, "పిడి అతికించారే, యాభై సెంట్లకి ఇస్తావా?" అంది. ఇంకొకాయన ఏమీ కొనకుండా బాత్రూం ఎక్కడని అడిగాడు. జెన్నా కళ్ళు ఎర్రబడ్డాయి.

"మొహం అలా పెట్టకు" అంది లవ్‌డే. "అటు చూడు."

కొత్తగా పెళ్ళైన పిల్ల ఒకతె ఎల్వా కేకులు కలిపే మిక్సరు మీద చెయ్యి వేసింది. మిక్సరు తానే చంకనెక్కినట్టు లేచింది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

"మీ అమ్మ దానితో ఈ ఊళ్ళో సగం పుట్టినరోజులు జరిపించింది. మిగతా సగం ఆ పిల్ల జరిపిస్తుంది. ఇలాంటివి చూడ్డానికే సేళ్ళు పెట్టేది" అంది లవ్‌డే. ఎల్వా తన స్నేహితురాలని తలుచుకుని ఆమెకి గర్వంగా అనిపించింది.

ముంగిలి మధ్యలో, ఎల్వా ఆకుపచ్చ కుర్చీలో, గార్‌ఫీల్డ్ టీకప్పు పట్టుకుని కూర్చున్నాడు. కుర్చీ చేతికి జెన్నా ధర చీటీ కట్టింది. మోకాళ్ళ నొప్పులని చెప్పి అతను పొద్దుట్నుంచీ లేవడం లేదు. లవ్‌డే దగ్గరికి వెళ్ళి, "ఏం, గడ్డం గీసుకోవడానికి కూడా తీరిక లేదా?" అంది.

"ఎవరికోసం గీసుకోవాలి? అడిలైడ్‌లో పెరటి కోళ్ళకోసమా?"

"కోళ్ళు కూడా ఉన్నాయా? అదృష్టవంతుడివి."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. మధ్యాహ్నం దగ్గరపడుతోంది. జెన్నా కారు వెనక తలుపు తెరిచే ఉంది, లోపల అతని పెట్టె కనబడుతోంది. ఉండిపో అనాలి. లవ్‌డే నోరు తెరిచి, "టీ చల్లారిపోతుంది" అంది.

అప్పుడే వాన పడింది. ఎండాకాలమంతా ఒక్క చినుకు లేక, గోధుమ రైతులు ఆకాశం వంక చూసి చూసి మెడలు పట్టేసిన ఊరు. దబదబా కురిసేసరికి జనం కేకలు వేసి, చప్పట్లు కొట్టి, ఆ తర్వాత సామాను తడిసిపోతోందని గుర్తొచ్చి, పరుపులూ పుస్తకాలూ పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తారు. లవ్‌డేకి ఎల్వా కుర్చీ గుర్తొచ్చింది. ఆ ఆకుపచ్చ ముఖమల్ తడిస్తే ఇక పనికిరాదు. వెనక నుంచి గబుక్కున దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎత్తింది. ఎండిన తువ్వాలు తీగ మీంచి తీసినంత తేలిగ్గా లేచింది. అదే ఊపున షెడ్డులోకి నడిచింది. దించాక గానీ కుర్చీలో గార్‌ఫీల్డ్ ఇంకా కూర్చునే ఉన్న సంగతి ఆమెకి తెలియలేదు. కప్పులో టీ తొణకనైనా లేదు.

జనమంతా కుర్చీ చుట్టూ మూగారు.

"అమ్మకానికి పెట్టినదాంట్లో కూర్చుంటే అంతే మరి" అంది పక్కింటి మావిస్ ఓల్డ్స్. "లేచింది కదా లవ్‌డే. తీసుకెళ్ళాలి."

"కుర్చీ లేచింది" అంది లవ్‌డే తల ఎగరేసి. "కుర్చీ తీసుకెళ్తాను. లే గార్‌ఫీల్డ్."

అతను లేచి పక్కన నిలబడ్డాడు. లవ్‌డే కుర్చీ పట్టుకుని ఎత్తింది. లేవలేదు. టోపీ సర్దుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, బలమంతా వేసి గుంజింది. నేలలో పాతినట్టుంది. చెవుల దాకా ఎర్రబడింది ఆమె మొహం. తేలిగ్గా లేచింది కుర్చీ కాదని షెడ్డులో ఉన్నవాళ్ళందరికీ అర్థమైపోయింది. కొందరు వాన వైపు చూడ్డం మొదలుపెట్టారు, మర్యాద తెలిసినవాళ్ళు.

జెన్నా నెమ్మదిగా వచ్చి కుర్చీ మీద చెయ్యి వేసింది. అది రెండు వేళ్ళకే లేచింది.

"అమ్మ కుర్చీ" అంది. "ఇది నాదే నాన్నా. నాదాన్ని నేనే అమ్మకానికి పెట్టాను." దాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చేసింది. కాసేపాగి కిందికి దించి, "నువ్వు ఇందులో కూర్చో" అంది. గార్‌ఫీల్డ్ వద్దన్నట్టు తలూపాడు. "కూర్చో నాన్నా" అని మళ్ళీ అంది. కూర్చున్నాడు. జెన్నా వంగి ఎత్తింది. పళ్ళు బిగించి ఎత్తింది. కుర్చీ కదల్లేదు.

"అంటే నేను నీకేమీ కానా? నీకోసం గది కట్టించాను. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలు కూడా పెట్టించాను."

గార్‌ఫీల్డ్ కూతురి చెయ్యి పట్టుకున్నాడు. లవ్‌డేకి కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, ఆ పిల్ల తప్పుగా అర్థం చేసుకుంటున్నందుకు.

"ఇటు చూడవే" అంది బస్సులో మాట్లాడే గొంతుతో. "మంచాన పడ్డ మా అమ్మని నేను ఎన్నాళ్ళు ఎత్తానో తెలుసా? ఒక్కరోజూ తేలిగ్గా లేవలేదు. నడుం పడిపోయింది. అయినా ఎత్తాను. తేలిగ్గా లేచినదాన్ని ఎవరైనా మోసుకుపోతారు, అందులో గొప్పేముంది? నువ్వు బరువని తెలిసి కూడా ఎత్తడానికి వచ్చావు. మీ నాన్న అందరికీ చెప్పుకోవాల్సిన కూతురివి నువ్వు."

"చెప్పుకుంటూనే ఉంటాడు" అంది మావిస్. "మా చెవులు చిల్లులు పడేలా."

జెన్నా ముక్కు తుడుచుకుంది. తండ్రి వంకా, లవ్‌డే వంకా చూసింది. "మరి మీరు నాన్నని తీసుకెళ్తారా ఆంటీ? లేచిందని నియమం కోసం తీసుకెళ్తానంటే మాత్రం నేను పంపను."

షెడ్డంతా ఆమె నోటి వంకే చూస్తోంది. బండి లేక ఇబ్బందిగా ఉంటుందని చెబుదామా అనుకుంది లవ్‌డే. పంజరాల పక్కన కాస్త చోటుందని చెబుదామా అనుకుంది. తల ఎత్తే ఉంచింది.

"నాకు కావాలి" అంది. "నియమం కోసం కాదు. మూడేళ్ళుగా ప్రతి శనివారం గేటు దగ్గర నిలబడేది సామాను కోసం అనుకుంటున్నారా? ఆ డొక్కు బండి చప్పుడు వినడానికే నిలబడతాను. ఇతను ఉండాలి. నాకు కావాలి."

జీవితంలో మొట్టమొదటిసారి అడిగింది. అడిగినందుకు సిగ్గేస్తుందనుకుంది కానీ, కొండెక్కి నిలబడ్డట్టు అనిపించింది.

"నన్నెవరూ అడగరా?" అన్నాడు గార్‌ఫీల్డ్.

"అడుగుతున్నాగా. ఏమంటావో చెప్పు."

"పేస్టీలో టర్నిప్ దుంప వేస్తావా?"

"వెయ్యని దరిద్రులెవరైనా ఉన్నారా?"

"అయితే వస్తాను" అన్నాడతను. కూతురి తల మీద ముద్దు పెట్టి, "ఆ గది అలాగే ఉంచు తల్లీ. పండక్కి ఇద్దరం వస్తాం. ఆ కోళ్ళనీ చూస్తాం" అన్నాడు.

జెన్నా కారులోంచి అతని పెట్టె దించి, ఆ చోట అమ్మ కుర్చీ పెట్టుకుంది. సీటు బెల్టు కూడా బిగించింది. వెళ్తూ వెళ్తూ అద్దం దించి, "ఆంటీ, ఈయన రాత్రిళ్ళు గ్యాస్ ఆపడం మర్చిపోతాడు" అని అరిచింది. "నా ఇంట్లో మర్చిపోమను చూద్దాం" అని తిరిగి అరిచింది లవ్‌డే. మలుపు తిరిగేదాకా ఇద్దరూ వానలోనే చెయ్యి ఊపారు.

అప్పటికి గేటు ముందు కాలవ పొంగి దారిని ముంచేసింది. ఇంటికెళ్ళాలంటే దాన్ని దాటాలి. లవ్‌డే పాంటు పైకి మడుచుకోబోయింది.

"బూట్లు పాడవుతాయి, ఆగు" అన్నాడు గార్‌ఫీల్డ్.

"ఏం చేస్తావ్? వంతెన కడతావా?"

అతను వంగి, ఆమె నడుం చుట్టూ చేతులు వేశాడు.

"పిచ్చా నీకు? నీ మోకాళ్ళేంటి, నా ఒళ్ళేంటి! నేనేం సేలుకి పెట్టిన సామాన్నా? నా మీద చీటీ కూడా లేదు!"

నిజమే. అమ్మకానికి లేని మనిషి ఎంత బరువుండాలో అంతా ఉండాలి లెక్క ప్రకారం. ఉండలేదు. లవ్‌డే ట్రెన్‌విత్, గోధుమలారీ డ్రైవర్లు సైతం తప్పుకుని దారిచ్చే మనిషి, అతని చేతుల్లో పైకి లేచింది. బూట్లు నేలని వదిలేశాయి. కాలవ నీళ్ళు కింద పరుగెత్తుతున్నాయి. షెడ్డు లోంచి, ఎదురింటి వరండాల్లోంచి, ఆగిన కార్లలోంచి వీధంతా చూస్తోంది.

గార్‌ఫీల్డ్ కాలవ దాటాడు. అవతలి గట్టు మీద పొడి నేల ఉంది, దించొచ్చు. దించలేదు. ఆమె కూడా దించమనలేదు. టోపీ సర్దుకుని, చూస్తున్నవాళ్ళందరి మొహాల్లోకీ నిటారుగా చూస్తూ, అతని మెడ చుట్టూ చెయ్యి వేసి ఇంటిదాకా అలాగే వెళ్ళింది.