జేబులో పడ్డ వింటినారి

నేను ఒక మైకును. ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించినతను "హలో, చెక్" అన్నాడు. అదే నా అక్షరాభ్యాసం. అక్కణ్ణుంచి కడపలో ఒక పెళ్లి బ్యాండువాళ్ల చేతికి వచ్చాను. వాళ్ల గాయకుడు పల్లవి ఎత్తుకున్నాడంటే నన్ను మింగేస్తాడేమో అనిపించేది. చెప్పేది తక్కువైనకొద్దీ మనుషులు మైకును దగ్గరికి లాక్కుంటారని అప్పుడే తెలిసింది.

బ్యాండువాళ్లు కొత్త మైకులు కొనుక్కున్నాక నస్రీన్ నన్ను తీసుకుంది. ఆమె కాలేజీలో లెక్కలు చెబుతుంది. గణితంలోని మాటలూ గుర్తులూ ఎక్కడ పుట్టాయో, ఎన్ని నోళ్లు తిరిగాయో చెప్పే పాడ్‌కాస్ట్ మొదలుపెట్టి, అదే కాలేజీలో తెలుగు చెప్పే వనజాక్షిని తోడు పిలిచింది. వనజాక్షికి చిన్నప్పటి నుంచీ లెక్కలంటే హడలు.

"నాకు తోచని ప్రశ్నలు నీకే తోస్తాయక్కా" అంది నస్రీన్.

బీరువా తలుపులు తెరిచి, చీరల ముందు నన్ను నిలబెట్టి మాట్లాడుకునేవారు. చీరలుంటే గది మారుమోగదట. గంటకు అరవై నిమిషాలే ఎందుకని వనజాక్షి అడిగితే, నస్రీన్ బాబిలోనియా దాకా తీసుకెళ్లి తెచ్చేది. ఇద్దరూ పోట్లాడుకుంటూ నవ్వుతుంటే నాకు పండగలా ఉండేది.

ఒకరోజు త్రికోణమితి వచ్చింది. "ఈ సైను అంటే ఏంది మే?" అని వనజాక్షి అడిగింది. జవాబు విని, మళ్లీ అడిగింది.

"ఇంత చిన్నది కూడా తలకెక్కదా అక్కా?" అని నస్రీన్ విసుక్కుంది.

వనజాక్షి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత నస్రీన్ ఒక్కతే నా ముందు కూర్చుని చూసింది. అడ్డు తగిలేవాళ్లు లేక ఆమె మాట పాఠంలా ఎండిపోయింది. నన్ను ఆపేసి, పుస్తకాలు ముందేసుకుంది.

ఒక ఆదివారం పొద్దున నస్రీన్ నన్ను సంచిలో వేసుకుని వనజాక్షి ఇంటికి వెళ్లింది. వనజాక్షి వరండాలో అనపకాయలు ఒలుస్తోంది.

"నాదే తప్పక్కా. సైనును నేను బట్టీ పట్టినాను, అంతే. అది యాడి నుంచి వచ్చిందో నేనూ ఇప్పుడే చదివినా."

"కూర్చో. చెప్పు" అంది వనజాక్షి, తలెత్తకుండానే. నస్రీన్ నన్ను గిన్నె పక్కన పెట్టి, ఫోనుకు తగిలించింది.

"వృత్తం గీతలో ఒక ముక్క విల్లు అనుకో. దాని నారి జ్య. మనవాళ్ల ఆ మాటను అరబ్బులు వాళ్ల లిపిలో జీబ అని రాసుకున్నారు. అచ్చులు రాయరు కదా, తర్వాతివాళ్లు దాన్ని జైబ్ అని చదివినారంట. జైబ్ అంటే బట్టలో మడత. లాటిన్ పండితులు ఆ మడతనే సైనస్ అన్నారు. అదే సైను."

వనజాక్షి చేతిలోని కాయ జారిపోయింది. "జైబా? అంటే మన జేబేనా?"

నస్రీన్ నోరు తెరిచింది. "యా అల్లా! మా ఇంట్లో పొద్దస్తమానం అనే మాట! నాకు తట్టనే లేదక్కా!"

"వింటినారిని తీసకపోయి జేబులో ఏసినారా? అంత పండితులు!"

ఇద్దరూ నవ్విన నవ్వుకు నాలోని పల్చటి పొర చిరిగిపోతుందేమో అనుకున్నాను. ఆ ఎపిసోడ్ విన్న ఊరి లైబ్రరీవాళ్లు వచ్చి చెప్పమని ఇద్దరినీ పిలిచారు. పిల్లల ముందు బోర్డు మీద విల్లు గీసింది వనజాక్షే. మొదట నన్ను నోటికి దగ్గరగా లాక్కుంది. కాసేపటికి నన్నే మరిచిపోయి గాల్లో తిప్పింది.

ముందు వరుసలో ఒక అమ్మాయి లేచింది. "మేడం, మరి కొసైను ఎవరి జేబు?"

హాలంతా ఘొల్లుమంది. "తెలీదమ్మే!" అని వనజాక్షి అందరికంటే గట్టిగా నవ్వింది. "రా, నువ్వూ నేనూ వెతుకుదాం."

వెనక వరుసలో కూర్చున్న నస్రీన్‌కు జవాబు తెలుసు. ఆమె లేవలేదు.