ఎక్స్‌రేలో మచ్చ

ఇంగ్లండు యూనివర్సిటీలో ఫిజాకు సీటొచ్చిన నాటి నుంచి మట్టెవాడలోని ఆ ఇంట్లో మాటలన్నీ సెప్టెంబరు చుట్టే తిరిగాయి. హనుమకొండలో మైక్రోబయాలజీ చదివిన పిల్ల. ఇంగ్లండు వెళ్లి ప్రజారోగ్యంలో పీజీ చేయబోతోంది. కాలేజీ స్నేహితురాలు వినోదదీ అదే కోర్సు. ఇద్దరూ కలిసి ఉండబోయే గది కూడా చూసిపెట్టుకున్నారు. ఇక వీసా కోసం క్షయ లేదని సర్టిఫికెట్ తెచ్చుకోవడమే మిగిలింది.

ఆ పరీక్షకు ఫిజా తండ్రి జానీ మియా ఇద్దరినీ హైదరాబాదు తీసుకెళ్లాడు. ఛాతీ ఎక్స్‌రే తీశారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే కాగితం పుచ్చుకుని వెళ్లిపోతున్నారు. వినోదకూ ఇచ్చేశారు. ఫిజాను మాత్రం లోపలికి రమ్మన్నారు.

"కుడివైపు పైన చిన్న మచ్చ ఉందమ్మా. పాతదే అయ్యుండొచ్చు. కానీ కళ్లె పరీక్ష కాకుండా సర్టిఫికెట్ ఇవ్వలేను" అంది డాక్టరమ్మ.

"నాకు దగ్గు లేదు, జ్వరం లేదు మేడమ్."

"అయినా కల్చర్ పెట్టి, అందులో క్రిమి పెరుగుతుందేమో చూడాల్సిందే."

ఆ మాటకు అర్థమేంటో ఫిజాకు తెలుసు. క్షయ క్రిమి ఎంత నెమ్మదిగా పెరుగుతుందో ఆమె పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసింది. అది లేదని తేల్చాలంటే రెండు నెలలు ఆగి చూడాలి. ఎవరి కాళ్లు పట్టుకున్నా ఆ గడువు తగ్గదు. ఈలోపు అక్కడ క్లాసులు మొదలైపోతాయి.

బంధువులింట్లో ఉండి వరసగా మూడు పొద్దులు కళ్లె ఇచ్చి రావలసి వచ్చింది. దగ్గే లేని మనిషికి కళ్లె ఎక్కడిది? ఆవిరి పట్టించారు. కళ్లలో నీళ్లు కారేదాకా దగ్గింది.

తిరుగు బస్సులో జానీ మియా ఉన్నట్టుండి అన్నాడు. "నీ చిన్నప్పుడు ములుగుల దాదీ కాడ ఉన్నప్పుడు నీకు నిమ్ము చేసింది బిడ్డా. శానా దినాలు జరం. నేనే జల్ది పెద్ద దవాఖానకు తీస్కపోలే."

"గదంతా ఇప్పుడెందుకు అబ్బా?"

ఆయన వినలేదు. అప్పుడు అక్కడి దవాఖానలో తీసిన ఎక్స్‌రే దొరికితే మచ్చ పాతదని చూపించవచ్చనుకుని మర్నాడే ములుగు బయలుదేరాడు. దొరికినా ఈ పరీక్ష తప్పదని ఫిజాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రం ఆయన చెప్పులైనా విడవకుండా గడప మీద కూలబడ్డాడు.

"ఆ పాత దవాఖాన బిల్డింగే లేదు బిడ్డా. ఎవల్నడిగినా ఎరుకలేదంటాండ్రు."

ఫిజా యూనివర్సిటీకి రాసింది. ఆలస్యంగా చేరడానికి ఒక ఆఖరు తేదీ ఉందని, అది దాటితే వచ్చే ఏడాదికి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలని, సీటుకు హామీ ఇవ్వలేమని జవాబొచ్చింది.

సెప్టెంబరులో వినోద వెళ్లొస్తానని చెప్పడానికి వచ్చింది. చాలాసేపు ఇద్దరూ వాతావరణం గురించీ సామాను బరువు గురించీ మాట్లాడుకున్నారు.

"నేను కూడా వచ్చే ఏడాదికి మార్చుకోనా?" అంది వినోద చివరికి.

"పిచ్చా నీకు? రూమ్‌ల వేరే అమ్మాయిని పెట్టుకో."

వినోద కాదనలేదు. అప్పటికే ఎవరితోనో మాట్లాడినట్టుంది. ఫిజాకు కోపం రాలేదు, కోపం తెచ్చుకోవడానికి ఏ కారణమూ దొరకలేదు.

ఆఖరు తేదీ దాటిపోయాక హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. క్షయ లేదు. తల్లి సుల్తానా బేగం ఏడుస్తూ దేవుడికి మొక్కి, సేమ్యా వండి పక్కిళ్లకు పంచింది.

"ఇగ అడ్డమేం లేదు గదా బిడ్డా? వీసాకు పెడదామా?" అన్నాడు జానీ మియా.

తేదీ దాటిందని ఫిజా ఆయనకు ముందే చెప్పింది. చెప్పినప్పుడల్లా తలూపాడు.

"క్లాసులు మొదలైనయి అబ్బా. ఇగ తీస్కోరు."

"రోగం లేదని తేలింది గదా! జర మంచిగ సమజయ్యేటట్టు రాయి. ఎందుకు వినరు?"

ఆయన పక్కనే కూర్చుని చూస్తుండగా ఫిజా మళ్లీ రాసింది. మర్నాడు జవాబొచ్చింది. వాళ్లు ముందు రాసిన మాటలే. ఫిజా తెలుగులో చెప్పింది. ఇంకోసారి చదవమన్నాడు ఆయన.

చదివింది.