ట్రాలీ ఆటోలో పొదుగు కోడి

తెనాలి బయల్దేరిన ట్రాలీ ఆటో కాసేపటికే వెనక్కి తిరిగి రావడం చూసి, పాలు కాస్తున్న భువనేశ్వరి కంగారుపడింది. టైరు పంక్చరయిందో, ఎవరికైనా తగిలిందో అనుకుంటూ స్టవ్ కట్టేసి వాకిట్లోకి పరుగెత్తింది. భర్త చలపతిరావు ఆటో దిగలేదు. హ్యాండిల్ పట్టుకుని అలాగే కూర్చుని, బొటనవేలితో వెనక్కి చూపించాడు. సీటు వెనక, ఖాళీ గోతాలు కుక్కే సందులో, ఈకలన్నీ ఉబ్బించుకుని ఎర్ర పెట్ట కూర్చుని ఉంది.

భట్టిప్రోలు సెంటర్లో టీ తాగుదామని ఆపేదాకా అది అక్కడ ఉందని అతనికే తెలియదట. టీ కొట్టు దగ్గరున్న వాళ్ళు ముందు చూశారు. వంకాయలతోపాటు కోడిని కూడా మార్కెట్లో వేస్తున్నావా బాబాయ్ అని ఒకడు అడిగితే మిగతావాళ్ళంతా పగలబడి నవ్వారట. కిందికి దింపబోతే ముంజేతి మీద రక్తం వచ్చేలా పొడిచింది. ఇక చేసేదేం లేక బండి తిప్పుకుని వచ్చేశాడు.

అత్తగారు మాణిక్యాంబ చీర కొంగు బిగించుకుంటూ వచ్చి, కోడి కడుపు కిందికి మెల్లగా చెయ్యి పోనిచ్చింది. ఆమెను మాత్రం అది పొడవలేదు. తడిమి చూసేసరికి ఆమె ముఖం వెలిగిపోయింది. కొన్నాళ్ళుగా గుడ్లు ఎక్కడ పెడుతోందా అని గడ్డివాము సందులన్నీ వెతుకుతున్నారు వాళ్ళు. అది ఆటోలో పెట్టుకుని, ఇప్పుడు పొదుగుకు కూర్చుంది.

ఆ ఇంట్లో గుడ్లంటే మామూలు విషయం కాదు. కాలవ గట్టు పక్కనున్న ఎకరం చెక్కలో వాళ్ళు వంగ, బెండ, దోస, ఆకుకూరలు వేస్తారు. నిరుటి దాకా ఆ మళ్ళ మధ్య మందలా కోళ్ళు తిరిగేవి. పురుగుల్ని ఏరుకు తినేవి, ఎరువు వేసి పోయేవి. వానాకాలంలో తెగులొచ్చి వరసగా పోయాయి. మిగిలింది ఈ ఎర్ర పెట్టా, ఒక పుంజూ. అప్పట్నుంచి తోటలోకి వెళ్తే ఏదో వెలితిగా ఉంటోందని భువనేశ్వరి చాలాసార్లు అనుకుంది.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా అత్తాకోడళ్ళిద్దరూ గంపలో తౌడు పోసి, గడ్డి పరిచి, గుడ్లనూ కోడినీ మెల్లగా పంచలోకి మార్చారు. పొద్దున్నే చూస్తే గంపలో కోడి లేదు. గుడ్లు అలాగే ఉన్నాయి, అది మాత్రం ఆటోలో ఉత్త గోతాల మీద కూర్చుని వీళ్ళ వంక గుర్రుగా చూస్తోంది. గుడ్లలో ఇంకా కాస్త వెచ్చదనం ఉండబట్టి సరిపోయింది. మాణిక్యాంబ వాటిని ఒడిలో వేసుకెళ్ళి మళ్ళీ దాని కింద సర్దింది. సర్ది, కొడుకు వైపు తిరిగింది.

"పిల్లలు దిగిందాకా ఈ ఆటో ఇక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు."

"మరి కూరగాయలు ఏం చెయ్యమంటావమ్మా? మన నెత్తిన పోసుకోమంటావా?" అన్నాడు చలపతిరావు.

వంకాయలు ఆగేవి కావు. బెండకాయలు అసలే ఆగవు. మరోవైపు చేలో మినుము కోతకొచ్చింది, కూలీల్ని పిలిచేశాడు, అతనికి ఊపిరాడే తీరిక లేదు. ఊళ్ళో లాజరు ప్యాసింజర్ ఆటో నడుపుతాడు. రోజూ పొద్దున్నే రేపల్లె వెళ్తాడు. పైన నాలుగు బుట్టలు కట్టుకోవడానికి అతనికి అభ్యంతరం లేదు. కానీ తెనాలిలో అయితే కమిషన్ కొట్లో దింపేసి రావచ్చు. రేపల్లె బజార్లో అలా కాదు, ఎవరో ఒకరు కూర్చుని అమ్మాలి.

"నేను వెళ్తానండి," అంది భువనేశ్వరి.

అనుకుని అన్న మాట కాదు అది. నోట్లోంచి వచ్చేసింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె పండించింది, కోసింది, బుట్టలకెత్తింది. ఆ కాయ ఎవరి వంటింట్లోకి వెళ్తుందో ఒక్కసారీ చూడలేదు.

మన ఇంటి ఆడవాళ్ళు బజార్లో గోతం పరుచుకుని కూర్చోవడమేంటి అన్నాడు చలపతిరావు. నగరం ఊళ్ళో ఉండే అక్కయ్య చూస్తే ఏమంటుందో ఆలోచించమన్నాడు. అక్కయ్య శకుంతల అంటే అతనికి చిన్నప్పట్నుంచీ హడలు. ఆవిడ రేపల్లె బజారుకు రాని వారం ఉండదు.

"నువ్వు కమిషన్ కొట్టు ముందు నిలబడితే పోని పరువు, అది కూర్చుంటే పోద్దా?" అంది మాణిక్యాంబ. ఆ మాటతో అది తేలిపోయింది.

మొదటి రోజు భువనేశ్వరికి నోరు పెగల్లేదు. పక్కన నిమ్మకాయలు అమ్మే సీతామహాలక్ష్మి గొంతు బజారు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వినిపిస్తుంటే, ఈమె తలొంచుకుని వంకాయల్ని తుడిచి తుడిచి అద్దాల్లా మెరిపించింది. అడిగిన వాళ్ళకు ధర చెప్పడానికీ సిగ్గే. సగం సరుకు తిరిగి ఇంటికొచ్చింది. సీతామహాలక్ష్మి చూసి చూసి, కాయను కాదమ్మా మనిషిని చూడాలి, ముఖంలోకి చూసి పలకరిస్తే పోయేవాడు కూడా ఆగుతాడు అని చెప్పింది.

రెండో రోజు ఒక పెద్దాయన దోసకాయ పట్టుకుని చేదుంటుందేమో అని సందేహిస్తుంటే, ఆమె కత్తి తీసి చిన్న ముక్క కోసి చేతిలో పెట్టింది. నిన్న సాయంత్రం మా పాదు నుంచి కోసిందండి, పప్పులో వేసి చూడండి, బాగోకపోతే రేపు నన్ను తిట్టండి అంది. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆయన నవ్వి రెండు కాయలు ఎక్కువ తీసుకున్నాడు.

ఇక అక్కణ్ణుంచి ఆమెను ఎవరూ ఆపలేకపోయారు. ఏ వంకాయ గుత్తికి బాగుంటుందో, ఏది పచ్చడికి పనికొస్తుందో, చుక్కకూర పప్పులో పచ్చిమిరప ఎప్పుడు వెయ్యాలో చెబుతూ అమ్మేది. ఎవరైనా ఒంటరి మనిషి వస్తే ఒక్కరికి సరిపడా కలగూర ఏరి ఇచ్చేది. అడక్కుండానే కొసరుగా కొత్తిమీర పడేది సంచిలో. ఇంటికొచ్చి అన్నం తింటూ అత్తగారికి ఆ రోజు కబుర్లన్నీ చెప్పేది. మాణిక్యాంబ వింటూ వింటూ కోడికి నూకలు వెయ్యడం మర్చిపోయి, మళ్ళీ గుర్తొచ్చి లేచేది.

ఈలోగా లాజరు ఆటో ఎక్కినవాళ్ళందరికీ ఎర్ర పెట్ట సంగతి చెప్పేశాడు. అది రేపల్లె చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. బెండకాయలు ఎంత అని అడిగే ముందు, కోడి ఇంకా దిగలేదా అమ్మా అని అడిగేవాళ్ళు జనం. ఒక కాలేజీ పిల్ల ఫోన్లో కోడి ఫోటో చూపించమని పట్టుబట్టింది. ఎర్రటి ఎండలో కూర్చుని భువనేశ్వరి అంతలా నవ్వింది ఆ రోజుల్లోనే.

శకుంతల రానే వచ్చింది. గంజిపెట్టిన నేత చీర, రెండు చేతులకూ గాజులు, వెనక సంచి మోస్తూ పనిమనిషి. భువనేశ్వరి ముందు వచ్చి నిలబడింది. చూసింది. భువనేశ్వరి గోతం మీంచి సగం లేచి, రండి వదినగారూ అని మాత్రం అనగలిగింది.

"ఏంటిది?" అంది శకుంతల.

భువనేశ్వరి కోడి సంగతి చెప్పింది. మొదట తడబడుతూ మొదలుపెట్టినా, సెంటర్లో టీ కొట్టు దగ్గరికొచ్చేసరికి ఆమెకే నవ్వొచ్చింది. ఆడపడుచు మాత్రం నవ్వలేదు. వంగి ఒక వంకాయ తీసి, తొడిమ గిల్లి చూసింది. అంతలో ఎవరో బెండకాయలు కావాలని వచ్చి, ధర మరీ ఎక్కువని సణిగారు. శకుంతల ఆ మనిషి వైపు తిరిగింది.

"ఆ కాయ విరిచి చూశారాండి? పుటుక్కున విరుగుతుంది. ఇలాంటిది ఈ బజారంతా తిరిగినా దొరకదు, తీసుకోండి."

ఆ మనిషి ఒక కాయ విరిచి చూసి తీసుకున్నాడు. శకుంతల గోతం మీద ఓ పక్కకు కూర్చుని, కుచ్చిళ్ళు సర్దుకుని, తక్కెడ ఇటివ్వమంది. మధ్యాహ్నం దాకా లేవలేదు. బేరమాడేవాళ్ళతో పోట్లాడింది, పోట్లాడి గెలిచింది, ఓడినవాళ్ళకు కొసరు కూడా తనే వేసింది. బుట్టలు ఖాళీ అయ్యాక చెమట తుడుచుకుంటూ, "మా అత్తగారింట్లో పదెకరాలున్నాయి కానీ, ఇంత సరదా ఎప్పుడూ లేదే భువనా," అంది.

ఆ సాయంత్రం ఈ మాట విని చలపతిరావు తాగుతున్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాడు. నిజంగా కూర్చుందా అని మళ్ళీ అడిగాడు. తక్కెడ పట్టుకుందా అని ఇంకోసారి అడిగాడు.

ఉగాది దగ్గర పడింది. వేపచెట్లు పూతకొచ్చాయి, మునగపూలు రాలి మడుల గట్లు తెల్లబడ్డాయి. ఒక పొద్దున మాణిక్యాంబ పిలుపుతో ఇల్లంతా ఆటో చుట్టూ చేరింది. ఎర్ర పెట్ట రెక్కల కింద నుంచి సన్నగా కీచుకీచుమని వినిపిస్తోంది. తడి ఆరని ఒక పిల్ల దాని మెడ ఈకల్లోంచి తల బయటపెట్టి లోకాన్ని చూసి, మళ్ళీ లోపలికి దూరిపోయింది. సాయంత్రానికి దాదాపు గుడ్లన్నీ పిల్లలయ్యాయి. మర్నాడు ఎండెక్కాక మాణిక్యాంబ వాటిని చాటలోకెత్తి కింద దింపితే, తల్లి తనంతట తనే దూకి, పిల్లల్ని వెంటేసుకుని నేరుగా వంగమడిలోకి నడిచింది. అక్కడ కాలితో మట్టి గీరి చూపిస్తుంటే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ తోసుకున్నాయి. భువనేశ్వరి గట్టు మీద గొంతుక్కూర్చుని ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు.

చలపతిరావు ఆ రోజంతా ఆటో కడిగాడు. చూస్తుంటే ఆమెకు సంతోషంతోపాటు ఎక్కడో చిన్న దిగులు కూడా వేసింది. బండి ఖాళీ అయింది. మినుము కోతలు అయిపోయాయి. ఇక సరుకు తెనాలి వెళ్ళిపోతుంది.

మర్నాడు పండగ ముందు రోజు. బుట్టలన్నీ ఎక్కించాక చలపతిరావు ఇంట్లోకెళ్ళి, ఆమె రోజూ తీసుకెళ్ళే తక్కెడా, గోతం, మంచినీళ్ళ సీసా తెచ్చి ఆటోలో పెట్టాడు. వేపపువ్వు కోసుకొచ్చావా, రేపల్లెలో అడుగుతారు కదా అన్నాడు, ఆమె వైపు చూడకుండానే. భువనేశ్వరి పెరట్లోకి పరుగెత్తి, కొమ్మలకు కొమ్మలే విరిచి ఒడి నిండా తెచ్చింది.

బజారు ఇసకవేస్తే రాలనంత జనంతో ఉంది. పిల్లలు దిగాయని తెలిసి సీతామహాలక్ష్మి నిమ్మకాయలు వదిలేసి వచ్చి చేతులు పట్టుకుంది. వేపపువ్వు కొనకండి, ఊరికే తీసుకెళ్ళండని భువనేశ్వరి అందరికీ దోసిళ్ళతో పంచింది. చలపతిరావు ముందు ఆటో దగ్గరే నిలబడ్డాడు. తర్వాత బుట్టలందించాడు. చివరికి ఆమె వెనక నిలబడి, దోసకాయలు అని ఒకసారి అన్నాడు. అది అతనికే వినిపించలేదు.

"గట్టిగా అనండి, ఎవరూ కొరకరు," అంది భువనేశ్వరి.

అన్నాడు. మధ్యాహ్నానికి అతని గొంతు పూర్తిగా బొంగురుపోయింది. దోసకాయల బుట్టలో ఒక్కటి కూడా మిగల్లేదు.