అరగంట ముందు చాలు

ఆ శుక్రవారం నేను చేయాల్సిన పనులు ఇవి: హైదరాబాద్ నుంచి పదకొండు నగరాలకు విమాన దూరం సరిచూడాలి. మైళ్లను కిలోమీటర్లలోకి మార్చాలి. ప్రయాణ సమయం రాయాలి. సాయంత్రంలోపు మేనేజర్ జయంతి గారికి పంపాలి. యాదమ్మ కూతురి టికెట్ చూసిపెట్టాలి.

హైటెక్ సిటీలో మాది విమాన టికెట్లు అమ్మే వెబ్‌సైటు. యాదమ్మ అక్కడ హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఆమె కూతురు ప్రవళిక నర్సింగ్ చదివింది. ఢిల్లీలో ఒక ఆసుపత్రి వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచి టికెట్ కూడా పంపారు. సోమవారం పొద్దున పదింటికి విమానం, మూడింటికి ఇంటర్వ్యూ. తల్లీకూతుళ్లు క్యాంటీన్ దగ్గర నా కోసం నిలబడ్డారు.

"ఢిల్లీ ఎంత దూరముంటది సారూ?"

"గాలిలో పన్నెండు వందల అరవై కిలోమీటర్లు. రెండుంబావు గంటలు," అన్నాను. మా వెబ్‌సైటులో ఢిల్లీ పేజీ రాసింది నేనే.

"అంతేనా? మా ఊరికి బస్సుల పోతే గూడ గంతనే పడ్తది," అని యాదమ్మ నవ్వింది.

ప్రవళిక ఫోన్ చూపించింది. "సార్, రెండు గంటల ముందే రమ్మని రాసిన్రు ఇక్కడ."

నేనెప్పుడూ విమానం ఎక్కలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కడినే. విమానాశ్రయం లోపల ఏం జరుగుతుందో నాకు చెప్పినవాళ్లు లేరు. తెలియదు అనడానికి నోరు రాలేదు. బస్టాండు లెక్కే చెప్పేశాను.

"అది సామాన్లు ఎక్కువున్న వాళ్లకు. అరగంట ముందు చాలు."

"కాని సార్, ఇక్కడ..."

"సారుకన్న నీకు ఎక్కువ ఎరుకనా? దినాం గదే పని ఆయనకు," అని యాదమ్మ కసిరింది. ప్రవళిక ఫోన్ లోపల పెట్టుకుంది.

సోమవారం యాదమ్మకు డ్యూటీ. పిల్ల ఒక్కతే వెళ్లింది. తొమ్మిదింబావుకు నాకు ఫోన్ చేసింది. "సార్, గంట ముందే కౌంటర్ మూసేస్తరంట. విమానం గాడనే ఉన్నది. ఇప్పుడేం చెయ్యాలె?"

"అడిగి చూడు," అన్నాను.

మర్నాడు యాదమ్మ నా బల్ల తుడుస్తూ చెప్పింది. "ఆసుపత్రోళ్లు ఇంకో తారీఖు లేదన్నరు సారూ. మీరు మంచిగనే చెప్పిన్రు. మా పిల్లనే ఆగం చేసుకున్నది. ట్రాఫిక్‌ల ఇరుక్కున్న, తప్పు నాదే అంటున్నది. తల దువ్వుకునుడే అరగంట దానికి."

ప్రవళిక నా పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. "పర్వాలేదులే, ఇంకోటి వస్తుంది," అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.

రెండు నెలలైంది. చెప్పేద్దామని ఎదురు వెళ్తే, "ఛాయ్ తేవాల్నా సారూ?" అంటుంది. తల ఊపి వచ్చేస్తున్నాను.

మీలో ఎవరైనా ఏదైనా ఆసుపత్రిలో పనిచేస్తుంటే, ఎప్పుడైనా ప్రవళిక అనే నర్సు మీ ముందుకొస్తే, ఆమె వేళకు వచ్చే మనిషి. టికెట్ చదివింది, రెండుసార్లు అడిగింది. ఆమెను అలా గుర్తుపెట్టుకోండి.