బొగ్గులో ఖాళీ

"ఖాళీగానే ఉన్నావుగా, ఈ రెండు చొక్కాలూ ఇస్త్రీ చేసి పడేద్దూ," అన్నాడు భర్త, మాడిన పాలగిన్నెను ఆమె పీచుతో రుద్దుతుండగానే. గదిలోంచి అత్తగారు అందుకుంది: "పన్లో పని, నా కళ్ళద్దాలు కూడా ఎక్కడున్నాయో చూడమ్మా!"

గోళ్ళలో దిగిన మసితోనే ఆమె ల్యాబ్‌కి వెళ్ళింది. పదకొండేళ్ళుగా వస్తువుల సాంద్రత కొలవడమే ఆమె పని. రిపోర్టు కింద 'కొలిచినవారు' అన్న గడిని మాత్రం ఆమె ఎప్పుడూ ఖాళీగానే వదలాలి. "అది వదిలెయ్యండి మేడం, నేను చూసుకుంటా," అని పెద్దసారు అక్కడ తన సంతకం పెట్టుకుంటాడు. పై పోస్టుకి దరఖాస్తు పెట్టుకోవాలంటే సొంత సంతకమున్న రిపోర్టులు చూపాలి. ఆమె దగ్గర ఒక్కటీ లేదు. అడగడానికి ఓపికా మిగలలేదు.

ఇవాళ కార్బన్ వంతు. వజ్రపు రవ్వ సాంద్రత మూడున్నర, గ్రాఫైట్ రెండుంబావు. బొగ్గు ముక్క నీళ్ళ మీద తేలింది.

"బొగ్గుకి సున్నా పాయింట్ నాలుగు వేసెయ్యండి. తేలిక సరుకు!" అన్నాడు పెద్దసారు.

"అది ముక్క లెక్క సార్. రంధ్రాల్లోని గాలినీ బొగ్గు కిందే లెక్కకట్టాం."

"గాలికేం బరువుంటుందండీ?"

"చెప్పుకోదగ్గ బరువుండదు సార్. చోటు తింటుంది."

"అబ్బో! మీరు కొలవండి చాలు, ఆలోచించడానికి మేమున్నాం," అని నవ్వుకుంటూ టీకి వెళ్ళాడు.

ఆమె బొగ్గును మెత్తగా నూరింది. తూచి, చిన్న సీసాలో నీళ్ళలో వేసి, బుడగలన్నీ పోయేదాకా సన్నని సెగ మీద ఉంచింది. బుడగలు ఎంతకీ తరగవు. ఇంత నల్లటి పొడిలో ఇంత ఖాళీని ఎవరు దాచారో! ఇస్త్రీ, కళ్ళద్దాలు, పాలగిన్నె, ఇతరుల సంతకాలు: ఏదీ పనిగా తూగలేదు, ఆమెలో చోటు మాత్రం తినేసింది. ఆ చోటును కూడా ఆమె కిందే లెక్కకట్టి, తేలికమనిషి అని తేల్చేశారు. ఎవరి దాకానో ఎందుకు, తనూ అదే లెక్క వేసుకుంది.

చివరి బుడగ పోయింది. పొడి అడుక్కి దిగింది. బరువును, అది నిజంగా పట్టిన చోటుతో భాగించింది. ఒకటి పాయింట్ ఎనిమిది. మళ్ళీ చేసింది. అంతే వచ్చింది. రెండు అంకెలూ పట్టికలో పక్కపక్కన వేసింది: ముక్కగా, పొడిగా.

ఫోన్ మోగింది. భర్త.

"సాయంత్రం మావాళ్ళు ఆరుగురు వస్తున్నారు. తొందరగా వచ్చి వంట చూడు. ఖాళీయేగా నీకక్కడ?"

ఆమె పెన్ను మూత తీసి, 'కొలిచినవారు' గడిలో తన పేరు పూర్తిగా రాసింది.

"ఖాళీ లేదండీ," అంది.