ఉత్తరపు గోడ

మా అత్తగారితో వేగలేకపోతున్నాను. తిండి దగ్గర పేచీ పెట్టరు, చుట్టాల దగ్గర నా గురించి చెప్పరు, మందులు కూడా ఎవరూ గుర్తు చేయకుండానే వేసుకుంటారు. ఇన్ని మంచి గుణాలున్న మనిషి పద్దెనిమిదేళ్ళుగా వంటింట్లో ఒకే చోట, ఉత్తరపు గోడకి కుర్చీ ఆనించుకుని కూర్చుంటారు. నాకు కావలసింది సరిగ్గా ఆ గోడే.

మా వంటింటికి కిటికీ లేదు. స్టౌ వెలిగించిన పది నిమిషాలకి నేను కూడా ఉడకడం మొదలుపెడతాను. గిన్నె మీద మూత ఎప్పుడు తీయాలో మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. కాపురానికొచ్చిన మొదటి వానలకి గోడలన్నీ చెమ్మెక్కాయి. ఆ కుర్చీ వెనక మాత్రం నిలువుగా, గీత గీసినట్టు కొంత మేర పొడిగా ఉండిపోయింది. నేను చదివింది ఫిజిక్సు. ఒకే గోడ రెండు రకాలుగా ఎందుకు తడుస్తుంది? అత్తగారు స్నానానికి వెళ్ళగానే గరిటె కాడతో కొట్టి చూశాను. అంతటా టక్కుమంది. అక్కడ డొల్లగా పలికింది.

"ఇక్కడ కిటికీ ఉండేదా అత్తయ్యా?"

"కిటికీ లేదు, గిటికీ లేదు. పని చూసుకో."

మా ఆయనకి చెప్పాను. "డిగ్రీ చదివిన పిల్లయితే మా పిల్లలకి లెక్కలు చెబుతుందనుకున్నాం. గోడలకి పరీక్షలు పెడుతుందనుకోలేదు" అన్నారు. ఆ జోకు చుట్టాలందరికీ పంచారు. ఆడపడుచు వచ్చినప్పుడల్లా "వదినా, గోడ ఏమంటోంది?" అని పలకరించేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వితే సరదా మనిషిని, నవ్వకపోతే పిచ్చిదాన్ని. ఏది చవకో చూసుకోవాలి కదా.

బయటి నుంచి చూద్దామంటే ఆ వైపంతా పక్కవాళ్ళ స్థలం, దాని చుట్టూ ఎత్తైన ప్రహరీ. ఆరేళ్ళ కిందట అందులో, మా గోడ పక్కనే, వాళ్ళ ఇల్లు లేచింది. అయినా మధ్యలో ఎంత సందు వదిలారో, అందులో ఏముందో ఎవరు చూశారు? ఊహల్లో నా కిటికీకి నేను ఏ లోటూ చేయలేదు. ఒక వారం అవతల చెట్టు. ఇంకో వారం మిషను కుట్టుకుంటున్న ఒకావిడ తలెత్తి, "ఇవాళేం వండారు?" అనేది. మా ఇంట్లోనూ అందరూ అదే అడుగుతారు, ఆకలేసి. ఆవిడ ఊరికే అడిగేది. గిన్నెలు తోముతూ, పెదాలు కదలకుండా జవాబు చెప్పేదాన్ని.

పోయిన ఆదివారం నీళ్ళ ఫిల్టరు బిగించడానికి మెకానిక్ వచ్చాడు. ఎక్కడ పెట్టాలని అడిగాడు. అత్తగారు స్నానంలో ఉన్నారు. కుర్చీ పక్కకి జరిపి, "ఇక్కడ" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

డ్రిల్లు పెట్టగానే ముందు సిమెంటు పొడి రాలింది, తర్వాత చెక్కపొట్టు.

"గోడలో చెక్కేంటమ్మా?"

పద్దెనిమిదేళ్ళకి ఒక మనిషి ఆ గోడ గురించి నవ్వకుండా మాట్లాడాడు.

మా ఆయన వచ్చి చూశారు. పరాయివాడి ఎదుట నా మీద అరవలేక, "కొట్టెయ్యవయ్యా, ఈ పీడ వదిలిపోతుంది" అన్నారు. పెచ్చులు ఊడాయి. రెండు రెక్కల కిటికీ. తుప్పు పట్టిన గడియని నేనే లాగాను.

అవతల గోడ. సున్నం కూడా వేయని ఇటుకలు, మధ్యలో జానెడు సందు. గాలి రాలేదు, వెలుతురు రాలేదు. పాత దుమ్ము వాసనొచ్చింది.

"చూశావా? గోడ వెనక గోడే!" మా ఆయన పడీ పడీ నవ్వారు.

చెయ్యి చాపి ఆ ఇటుకని కూడా వేలితో కొట్టి చూశాను. గట్టిగా ఉంది. ఇన్నాళ్ళూ నాకంటూ ఉన్నది ఆ డొల్ల చప్పుడొక్కటే. దాన్ని నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. రేపు గిన్నెలు తోముతూ ఎవరికి జవాబు చెప్పాలి?

"అక్కడ జామచెట్టు ఉండేది."

అత్తగారు. తడిజుట్టుతో గుమ్మంలో నిలబడ్డారు. కొడుకు నవ్వు ఆగింది.

"కొమ్మ చేతికందేది. పని మాని చూస్తున్నానని మీ మామగారు కిటికీ మూయించారు. చెట్టు మాత్రం ఆ ఇల్లు కట్టేదాకా అక్కడే ఉంది." ఖాళీ కుర్చీ వీపు పట్టుకున్నారు. "నువ్వు మొదటిసారి అడిగిన రోజే నిజం చెప్పుంటే పన్నెండేళ్ళు చూసుకునేదానివి. నాకు లేనిది నీకెందుకనుకున్నాను. తప్పు చేశానమ్మా."